ఎనిమిదో హాల్లో ఏడో నంబరు

ఇంట్లో ఆ అమ్మాయిని అందరూ రేడియో అంటారు. ఎవరూ పెట్టకపోయినా మోగుతుంది, ఎవరు ఆపినా ఆగదు. అలాంటి పిల్లకి జాతీయ మ్యూజియంలో గైడు ఉద్యోగం దొరికిందంటే, దీని నోటికి జీతం ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారా అని వాళ్ళమ్మ తెగ సంబరపడిపోయింది. కానీ అది ఇంకా గట్టి ఉద్యోగం కాదు. ఆర్నెల్లు తాత్కాలికం, మెడలో పసుప్పచ్చ కార్డు. ఆర్నెల్లయ్యాక పరీక్ష. గట్టెక్కితే నీలం కార్డు, లేకపోతే ఇంటికి.

పరీక్షంటే కాగితం మీద రాసేది కాదు. ఆ రోజు నిజంగా వచ్చిన జనాన్ని వెంటబెట్టుకుని పదకొండు హాళ్ళూ తొంభై నిమిషాల్లో తిప్పి బయటికి తీసుకురావాలి. మొదట్లోనే వంద మార్కులు చేతిలో పెట్టేస్తారు, తప్పు చేసినప్పుడల్లా కోసుకుంటూ పోతారు. ఆలస్యమైతే నిమిషానికి ఒకటి. ప్రతి హాల్లోనూ అడుగు పెట్టగానే "తాడు దాటి చెయ్యి పెట్టకండి, ఏదీ ముట్టుకోకండి" అని చెప్పాలి, అది చెప్పకపోతే పది. చెప్పనందువల్ల ఎవరైనా ముట్టుకుంటే ఇంకో ఇరవై. ఆఖరికి అరవై మిగిలితే పాస్.

రేడియో అప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి తిమింగలం అస్థిపంజరం దగ్గరే నలభై నిమిషాలు మాట్లాడింది, ఎందుకంటే ఆ తిమింగలమంటే ఆమెకి ప్రాణం. రెండోసారి టైముకి ఠంచనుగా బయటికి వచ్చింది గానీ ఒక మనిషి తక్కువయ్యాడు. నాణేల హాల్లో బెంచీ మీద నిద్రపోతున్న పెద్దాయన్ని అక్కడే వదిలేసి వచ్చింది. ఇదే మూడోసారి, ఇదే ఆఖరు.

పరీక్ష పెట్టేది సూపర్‌వైజర్ మేడం. ఆమె వినకుండా చూసుకుని గైడ్లందరూ ఆమెని గడియారం అంటారు. చేతిలో స్టాప్‌వాచ్, చంకలో అట్ట, అట్టకి మార్కుల కాగితం. గుంపులో ఆఖరి మనిషి వెనక పది అడుగుల దూరంలో నడుస్తుంది. మాట్లాడదు, నవ్వదు, దగ్గదు కూడా.

సరిగ్గా పదింటికి రేడియో ముందు నిలబడిన గుంపు ఏడుగురు ఆడవాళ్ళు, ఒక మగాయన. ఆడవాళ్ళందరూ అరవై దాటినవాళ్ళే. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఆపరేటర్లుగా పని చేశారట. రిటైరయ్యాక ఏడాదికోసారి ఎక్కడో ఒకచోట కలుస్తారట. మగాయన మూడో నంబరు భర్త. అందరి సంచులూ ఆయన భుజాల మీదే ఉన్నాయి.

"మూడో నంబరా?" అంది రేడియో.

"కుర్చీ నంబరమ్మా" అంది గుండ్రంగా, పొట్టిగా ఉన్నావిడ. "నాది మూడు, అదిగో ఆ తాటిచెట్టుది ఏడు. మాకు పేర్లు గుర్తుండవు, నంబర్లే గుర్తుంటాయి. ఈయనకి నంబరు లేదు. అందరికీ బావగారే."

"నాకు నంబరిస్తే అది కూడా మోయమంటారని వద్దన్నాను" అన్నారు బావగారు.

ఏడో నంబరు నిజంగానే పొడుగు. చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపిస్తోంది. "ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు టేపుతో చెయ్యి కొలిచారమ్మాయ్" అంది రేడియోతో. "స్విచ్‌బోర్డు పై వరసకి అందాలిగా. మార్కుల్లో నేనే ఆఖరు. చెయ్యి చూసి తీసుకున్నారు."

"నోరు చూసి నన్ను తీసుకున్నట్టు" అంది రేడియో, వెంటనే నాలిక్కరుచుకుంది. వెనకాల గడియారం ఏదో రాసుకుంటోంది.

మొదట్లో బ్రహ్మాండంగా నడిచింది. తిమింగలం దగ్గర రేడియో గుండె రాయి చేసుకుని నాలుగంటే నాలుగే నిమిషాలు మాట్లాడింది. నాణేల హాల్లో బెంచీలన్నీ తడిమి చూసుకుని మరీ కదిలింది. ఆయుధాలు, బట్టలు, వాయిద్యాలు, పడవలు, ఆవిరి యంత్రాలు, ఒక్కోచోటా గుమ్మంలోనే తాడు మాట చెప్పేసి, చెప్పాల్సింది చెప్పేసి, కోడి పిల్లల్ని తోలుకెళ్ళినట్టు తోలుకెళ్ళింది. ఏడో హాలు దాటేసరికి పదకొండు. ఒక్క మార్కు కూడా పోలేదు.

ఏడుకీ ఎనిమిదికీ మధ్య మెట్లున్నాయి. ముప్ఫై రెండు మెట్లు, బావగారికేమో మోకాలు నొప్పి. ఆయన ఒక్కో మెట్టూ ఎక్కి, ఆగి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, మళ్ళీ ఎక్కుతున్నారు. ఆయన వెనక పది అడుగుల దూరంలో గడియారం. ఆఖరి మనిషిని దాటకూడదన్నది ఆమె పెట్టుకున్న రూలే.

ఆడవాళ్ళు మాత్రం పరుగున ఎక్కేశారు, ఎందుకంటే పైన గుమ్మం మీద "సమాచారం, ప్రసారాలు" అని బోర్డుంది. లోపల ఏముంటుందో వాళ్ళకి తెలుసు. ఇంత దూరం వచ్చిందే దానికోసం. రేడియో వాళ్ళ వెనక రొప్పుతూ ఎక్కి వాచీ చూసుకుంది. పదకొండూ నాలుగు. నాలుగు నిమిషాలు వెనకబడ్డాం అనుకుంటూ, ఆ నాలుగూ ఎక్కడ మిగుల్చుకోవాలా అనుకుంటూ గబగబా మొదలుపెట్టేసింది.

"ఇది టెలిఫోన్ స్విచ్‌బోర్డు. ఆటోమేటిక్ ఎక్స్చేంజిలు రాకముందు ఆపరేటర్లు ఈ వైర్లతో ఒక ఫోన్ని ఇంకో ఫోన్‌కి కలిపేవారు. ఇందులో..."

ఎవరూ వినడం లేదు. ఏడుగురూ తాడు పట్టుకుని నిలబడిపోయారు. నల్లటి చెక్క బోర్డు, వరసలు వరసలుగా చిన్న చిన్న రంధ్రాలు, కింద బల్ల మీద నిటారుగా నిలబడిన జంట జంట పిన్నులు, పైకి తిప్పే మీటలు. మధ్యలో ఒక్క జంట మాత్రం పైకి లాగి బోర్డులో గుచ్చి ఉంది. దాని కింద రెండు ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి.

"ఒసేయ్, అది మనదే!" అంది మూడో నంబరు.

"మనది కాదే. మనదానికి అంచు విరిగి ఉండేది."

"ఆ దీపాలేంటే, రెండూ వెలుగుతున్నాయి?"

"అయ్యో రామ, కాల్ అయిపోయి ఎంతసేపయిందో!"

ఈ మాట అన్నది ఎవరో రేడియో చూసేలోపే ఏడో నంబరు చెయ్యి తాడు మీంచి ముందుకి సాగింది. తాడు అక్కడ కట్టిన మనిషి మామూలు చేతుల్ని లెక్కేసుకుని కట్టాడు. ఈ చెయ్యి అలా సాగుతూ వెళ్ళి, రెండు పిన్నుల్నీ ఒకే గుప్పెట్లో పట్టుకుని, చటుక్కున లాగి వదిలేసింది. వైర్లు సర్రున వెనక్కి జారి తమ చోట్లో కూర్చున్నాయి. ముప్ఫై నాలుగేళ్ళలో రోజుకి కొన్ని వందలసార్లు చేసిన పని. ఆమె తల కూడా తిప్పలేదు.

సైరన్ మోగింది. పైన ఎర్ర లైటు గిరగిరా తిరిగింది. హాలు తలుపులు రెండూ వాటంతటవే మూసుకోబోయి, గుమ్మంలో బావగారి సంచులు అడ్డం పడి ఆగాయి.

"నేనేం ముట్టుకోలేదు!" అన్నారు బావగారు, రెండు చేతులూ పైకెత్తి.

ఏడో నంబరు తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటోంది. "అమ్మాయ్, నేను లాగలేదే. చెయ్యి దానంతట అదే వెళ్ళిపోయింది" అంది చిన్న గొంతుతో.

రేడియోకి గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు అప్పుడే ఇంకోటి గుర్తొచ్చింది. ఈ హాల్లో తాడు మాట చెప్పలేదు. ఏడు హాళ్ళలో చెప్పి, ఎనిమిదో దాన్లో మర్చిపోయింది.

సెక్యూరిటీ గార్డు పరుగెత్తుకొచ్చాడు. సైరన్ ఆపి, బోర్డు చుట్టూ తిరిగి చూసి, ఏదీ విరగలేదని తేల్చి, జేబులోంచి ఫారం తీశాడు. ముట్టుకున్న మనిషి ఎవరు, ఏ వస్తువు, ఎన్ని గంటలకి. కింద రెండు గళ్ళు. గైడు హెచ్చరించారు, గైడు హెచ్చరించలేదు.

"హెచ్చరించినా ముట్టుకుంటే తప్పు వాళ్ళది" అన్నాడు గార్డు నిదానంగా. రోజూ చేసే పనిలాగే ఉంది అతనికి. "ఫోటో తీసి గేటు దగ్గర పెడతాం. ఏడాదిపాటు లోపలికి రానివ్వం. హెచ్చరించకపోతే వాళ్ళ తప్పేం లేదు. గైడుది."

"చెప్పింది, చెప్పింది!" అంది మూడో నంబరు ఠక్కున. "అందరం విన్నాం. ఏమే?"

"విన్నాం" అన్నారు మిగతావాళ్ళు ఒకే గొంతుతో. ఆ గొంతుల్ని నమ్మి ఒకప్పుడు ఊళ్ళన్నీ మాట్లాడుకున్నాయి, గార్డొక లెక్కా.

"నేనే చెవిన పెట్టలేదు" అంది ఏడో నంబరు. "ఫోటో తీసుకో బాబూ. అరవై తొమ్మిదేళ్ళు రాకుండానే బతికాను, ఇంకో ఏడాది రాకపోతే ఏం కొంప మునగదు. ఈ పిల్ల ఉద్యోగం మీదకి తేకండి." పసుప్పచ్చ కార్డూ, వెనకాల స్టాప్‌వాచ్‌తో వచ్చిన మేడమూ ఏంటో వాళ్ళు నాలుగో హాల్లోనే కనిపెట్టేశారు. జీవితమంతా అవతలివాళ్ళ మాటలు వింటూ బతికినవాళ్ళకి అదేమంత పెద్ద పని కాదు.

గడియారం గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఆమె అప్పటిదాకా బావగారి వెనక ఇరవై తొమ్మిదో మెట్టు మీద ఉండిపోయింది. రేడియో వైపు తిరిగి, "నేను వినలేదు. హెచ్చరించావా?" అంది.

ఒక్క మాట చాలు. "చెప్పాను మేడం" అంటే చాలు. ఎనిమిది మంది సాక్షులున్నారు. ఏడో నంబరు తనే ఒప్పుకుంది. మార్కులు వందకి వంద అలాగే ఉంటాయి, నీలం కార్డు మెడలో పడుతుంది, వాళ్ళమ్మ రెండు వీధులవతల దాకా చెప్పుకుంటుంది.

గార్డు ఫోన్ ఎత్తి ఫోటో తీయబోతూ, "అమ్మా, ఇటు గోడ దగ్గర నిలబడండి" అన్నాడు. ఏడో నంబరు గోడ దగ్గర నిలబడింది. నవ్వుతూనే ఉంది గానీ, ఆ పొడుగు చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగులో చుట్టేసుకుంది.

"దీని సర్వీసు మొత్తంలో ఒక్క మెమో లేదు" అంది మూడో నంబరు, ఎవరితోనో కాదు, ఊరికే.

"చెప్పలేదు" అంది రేడియో.

"ఏంటి?" అంది గడియారం.

"చెప్పలేదు మేడం. నాలుగు నిమిషాలు లేటయ్యామని తొందరలో మర్చిపోయాను. వీళ్ళు నాకోసం అబద్ధం చెబుతున్నారు. ఆవిడ ఫోటో తీయకండి."

పుట్టి బుద్ధెరిగాక రేడియో ఇంత తక్కువ మాట్లాడిన సందర్భం ఇంకోటి లేదు. గార్డు ఫోన్ దించేసి రెండో గడిలో టిక్కు పెట్టాడు. గడియారం అట్ట మీద కాగితం పెట్టి పది కొట్టేసింది, దాని కింద ఇరవై కొట్టేసింది. డెబ్బై.

"పిచ్చి మొహమా" అంది మూడో నంబరు రేడియోతో, తిట్టినట్టూ కాదు, ముద్దు చేసినట్టూ కాదు.

అసలు ఫారం పని ఐదు నిమిషాల్లో అయిపోవాలి. కానీ ఏ వస్తువు, ముందు ఎలా ఉంది, ఇప్పుడు ఎలా ఉంది అన్న గళ్ళు నింపాలి కదా, అక్కడ చిక్కుపడింది.

"ముందు వైర్లు గుచ్చి ఉన్నాయి, ఇప్పుడు లేవు. సోమవారం రిపేరు సెక్షన్ వాళ్ళొచ్చి మళ్ళీ గుచ్చుతారు" అన్నాడు గార్డు రాసుకుంటూ.

"గుచ్చకండి బాబూ!" అన్నారు ఏడుగురూ.

"ఎప్పట్నుంచో అలాగే ఉందమ్మా. నేను చేరి ఇరవై రెండేళ్ళు, అప్పటికే ఉంది."

"రెండు దీపాలూ వెలిగాయంటే రెండు వైపులా ఫోన్ పెట్టేశారని అర్థం నాయనా" అంది ఏడో నంబరు. ఇప్పుడు చేతులు కొంగులోంచి బయటికి వచ్చాయి. "పెట్టేశాక వైరు తీయకపోతే ఆ లైను ఎంగేజే. ఆ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేక డాక్టర్ని పిలవాలన్నా లైనుండదు. ఇంతకి మించిన పాపం మా పనిలో లేదు."

"ఇరవై రెండేళ్ళ కాల్!" అంది మూడో నంబరు. "బిల్లెవరికి పంపుతారో!"

గడియారం బోర్డు దగ్గరికి వెళ్ళి ఆ దీపాల వైపు వంగి చూసింది. "మరి మాట్లాడుతున్నట్టు చూపించాలంటే?" అని అడిగింది. మార్కులతో పని లేని ప్రశ్న ఆమె నోట్లోంచి రావడం రేడియో అదే మొదటిసారి వినడం.

"వైర్లు గుచ్చే ఉంచండి, దీపాలు ఆర్పండి. అంతే."

గడియారం గార్డు వైపు తిరిగి, "అది రాయి" అంది. గార్డు మొదటి గడి కొట్టేసి మళ్ళీ రాశాడు. స్పెల్లింగ్ తప్పు పోయింది. మళ్ళీ రాశాడు.

ఆఖరికి సంతకాలయ్యేసరికి పదకొండూ ఇరవై ఆరు. రేడియో నేల మీద కూలబడటమొక్కటే తక్కువ. పదకొండున్నరకి బయట ఉండాలి, మూడు హాళ్ళు మిగిలున్నాయి, ఒక్కోటీ ఎనిమిది నిమిషాల పాఠం.

"వాచీ ఆపలేదు" అంది గడియారం, పక్కకి చూస్తూ. "ఇంకా నడుస్తోంది."

"ఎన్ని మార్కులు మిగిలాయే నీకు?" అంది మూడో నంబరు.

"డెబ్బై. నిమిషానికొకటి పోతుంది. అరవై ఉండాలి. అంటే పదకొండూ నలభైకల్లా అందరం బయటుండాలి."

"పద్నాలుగు నిమిషాలు. మూడు హాళ్ళు." ఏడో నంబరు మిగతావాళ్ళ వైపు చూసింది. "ట్రంక్ కాల్ లెక్కేనే. ఒక్కోటి మూడు నిమిషాలు."

దూరం ఊరికి మాట్లాడేవాళ్ళకి మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు మధ్యలో వచ్చి చెప్పేదట. అలా చెప్పీ చెప్పీ వీళ్ళకి మూడు నిమిషాలంటే ఒంట్లోనే తెలుస్తుంది, గోడ మీద చూడక్కర్లేదు. రేడియో నమ్మలేదు గానీ, నమ్మేంత తీరికా లేదు. పరుగు.

తొమ్మిదో హాలు వైద్యం. "తాడు దాటి చెయ్యి పెట్టకండి, ఏదీ ముట్టుకోకండి!" అని రేడియో గుమ్మం బయటి నుంచే అరిచేసింది. నూట నలభై వస్తువులు. ఏది చెప్పాలి, ఏది వదిలెయ్యాలి? ఆర్నెల్లుగా ఆమెకి వదిలెయ్యడమే రాలేదు. ఒక్క చెక్క కాలి ముందు ఆగింది.

"దీని అడుగు చూడండి. లోపలి వైపే అరిగింది. అంటే ఈయన కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. ఎంత నడిస్తే చెక్క ఇంత అరుగుతుంది? ఇంట్లో కూర్చోలేదు ఈయన. ఎవరో, పేరు తెలియదు, ఏం పని చేశాడో తెలియదు, నడిచాడని మాత్రం తెలుసు..."

"నేనీ కుర్చీలో కూర్చోనా?" అన్నారు బావగారు, పక్కనున్న పాతకాలం చక్రాల కుర్చీని ఆశగా చూస్తూ.

"ముట్టుకోకండి!" అని ఎనిమిది గొంతులు.

"మూడు నిమిషాలు!" అంది ఏడో నంబరు. రేడియో వాచీ చూసుకుంది. రెండు క్షణాలు తేడా.

పదో హాలు ఆకాశం. తాడు మాట, ఒక్క దుర్భిణి, దాని గొట్టానికున్న సొట్ట, ఆ సొట్ట పడ్డ రోజున కూడా అందులోంచి చంద్రుణ్ణి చూసిన మనిషి కథ. ఇంకా గ్రహాల సంగతి ఎత్తుకోబోతోంది.

"మూడు నిమిషాలు! పొడిగించేది లేదు!"

"ఒక్క వాక్యం!"

"అందరూ అదే అంటారమ్మా. మంత్రులక్కూడా కట్ చేశాం."

పదకొండో హాలు ఇళ్ళు. పొయ్యిలు, ఉయ్యాలలు, తాళాలు, కుట్టుమిషన్లు. ఇక్కడ తాడు మాట అయి, రేడియో ఇంకేదైనా చెప్పేలోపే వాళ్ళు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మా ఇంట్లో ఇలాంటిదే ఉండేది, నువ్వు దాని మీద పడి తల పగలగొట్టుకున్నావు, నేను కాదు మా చెల్లి, అని. రేడియో మొదటిసారి నోరు మూసుకుని వింది, ఆ మూడు నిమిషాలూ వాళ్ళకే ఇచ్చేసింది. తర్వాత తలుపు తోసి పట్టుకుంది.

ఏడుగురు ఆడవాళ్ళూ బయటికి దూకారు. బావగారు రావాలి. ఆయన రాకుండా లెక్క తెగదు. ఆయన ఒక్కో అడుగూ వేసి, ఆగి, సంచి సర్దుకుని, మళ్ళీ వేస్తున్నారు.

"ఏవండీ! సంచులు వదిలెయ్యండి!" అని మూడో నంబరు కేక.

"వదిలేస్తే మళ్ళీ నేనే కదే వచ్చి తీసుకోవాలి!"

ఏడో నంబరు గుమ్మం బయట నిలబడే చెయ్యి చాచింది. నాలుగు సంచుల పట్టీలు ఒక్క గుప్పెట్లో దొరికాయి. లాగింది. సంచులొచ్చాయి, సంచులతో బావగారూ వచ్చారు.

గడియారం ఆఖరున గడప దాటి స్టాప్‌వాచ్ నొక్కింది. పదకొండూ ముప్ఫై తొమ్మిది. కాగితం మీద తొమ్మిది కొట్టేసి, కింద అరవై ఒకటి వేసి, సంతకం పెట్టింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టున్న మార్కులు. ఆమె రేడియో మెడలోంచి పసుప్పచ్చ కార్డు తీసేసుకుంది.

"నీలం కార్డు రేపు ఆఫీసులో తీసుకో. తొమ్మిదింటికి మొదటి గుంపు నీదే. బడి పిల్లలు, యాభై ఐదు మంది."

 ఆడవాళ్ళు రేడియోని మధ్యలో పెట్టుకుని ఒకటే గోల. ఏడో నంబరు ఆ పొడుగు చేత్తో వీపు మీద చరిచిన చరుపుకి ఊపిరాగిపోయినంత పనయింది.

ఈ గోలలో బావగారు ఎవరికీ వినపడకుండా రేడియో పక్కకి వచ్చి, "అమ్మాయీ, బాత్రూం ఎక్కడ?" అని అడిగారు.

"లోపల, రెండో హాలు పక్కన."

"ఇందాక అడుగుదామనుకున్నా. మీరు పరుగెత్తిస్తున్నారు కదా."

బయటికి వచ్చినవాళ్ళు గైడు లేకుండా మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు. రేడియో గడియారం వైపు చూసింది. ఆమె అప్పటికే స్టాప్‌వాచ్ సంచిలో పడేసి జిప్పు లాగేసింది.

"తీసుకెళ్ళు" అంది. "నిదానంగానే."

ఉద్యోగం గట్టిపడ్డాక రేడియో చేసిన మొదటి డ్యూటీ అదే. రెండో హాలు దాకా వెళ్ళి రావడానికి ముప్పావు గంట పట్టింది, ఎందుకంటే దారిలో తిమింగలం ఉంది. బావగారు దాని దగ్గర ఆగి, ఇది ఏం తిని ఇంత పెరిగిందమ్మా అని అడిగారు.